సరిహద్దు మారుస్తుంటే ఎవరిని అడగాలి? ఎంపీలనా, ఊళ్లోవాళ్లనా?

పాకాల చెరువు:

వరంగల్ జిల్లా వాణ్ని. ఉద్యోగం కోసం వచ్చి స్విట్జర్లాండ్‌లో బీల్ అనే పట్టణంలో ఉంటున్నాను. ఇక్కడికి దగ్గర్లో మూటియే అని ఓ చిన్న పట్టణం ఉంది. జనాభా ఏడు వేల పైచిలుకు. 2026 జనవరి 1న ఆ ఊరు బెర్న్ కాంటన్ వదిలి జురా కాంటన్‌లో కలిసింది. కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది. అంత చిన్న ఊరు, తాను ఏ రాష్ట్రంలో ఉండాలో తానే ఓటేసి తేల్చుకుంది. అది చూశాక 2014 ఫిబ్రవరిలో మన రాష్ట్రాన్ని విడదీసిన తీరు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

వెనక కథ కొంచెం చెప్పాలి. 1815లో యూరప్‌లోని పెద్ద రాజ్యాలు వియన్నాలో కూర్చుని జురా కొండ ప్రాంతాన్ని బెర్న్‌కి అప్పగించాయి. జురా వాళ్లలో ఎక్కువమందిది ఫ్రెంచ్, బెర్న్‌ది జర్మన్. జురా ఉత్తర భాగం క్యాథలిక్, బెర్న్ ప్రొటెస్టెంట్. కలిసి ఉన్నా తమది రెండో స్థానమే అన్న బాధ అక్కడ తరాలుగా ఉంది. 1947లో జురాకు చెందిన ఒక మంత్రికి పబ్లిక్ వర్క్స్ శాఖ ఇవ్వడానికి బెర్న్ శాసనసభ నిరాకరించింది. కారణం, ఆయనది ఫ్రెంచ్. ఉద్యమం అక్కడ రాజుకుంది. 1960లలో ఇళ్లు తగలబెట్టడం దాకా వెళ్లింది. ఇదంతా వింటుంటే మనవాళ్లకు కొత్తగా అనిపించదు.

ఆ తర్వాత వాళ్లు చేసిందే నన్ను ఆలోచింపజేసింది. 1970లో బెర్న్ ఓటర్లు తమ రాజ్యాంగాన్నే సవరించి, జురాకు స్వయం నిర్ణయం హక్కు ఇచ్చారు. 1974 జూన్ 23న జురాలోని ఏడు జిల్లాలనూ అడిగారు: కొత్త కాంటన్ కావాలా? 52 శాతం దాకా కావాలన్నారు. కానీ జిల్లాలవారీగా చూస్తే ఉత్తరాన మూడు కావాలన్నాయి, మిగతా నాలుగూ వద్దన్నాయి. మెజారిటీ వచ్చింది కదా అని వాళ్లను ఈడ్చుకుపోలేదు. 1975 మార్చిలో దక్షిణ జిల్లాలను విడిగా మళ్లీ అడిగారు: మీరు కొత్త కాంటన్‌తో వెళ్తారా, బెర్న్‌లో ఉంటారా? ఉంటామన్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సరిహద్దు మీదున్న ఊళ్లను ఊరూరా అడిగారు. చివరికి 1978 సెప్టెంబర్ 24న దేశం మొత్తం ఓటేసింది. 82 శాతం సరే అన్నారు. 1979 జనవరి 1న జురా కాంటన్ పుట్టింది.

మన దగ్గర? 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో రాష్ట్ర విభజన బిల్లును తిప్పి పంపింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన సమయంలో, మూజువాణి ఓటుతోనే బిల్లు పాసైంది. ఎనిమిది కోట్ల మందికి పైగా ఉన్న రాష్ట్రం. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో లెక్క కూడా లేదు.

తెలంగాణ రావాలని కోరుకున్నవాణ్ని, వచ్చినందుకు ఈరోజుకీ సంతోషించేవాణ్ని. అయినా చెబుతున్నాను. భూభాగం చేతులు మారేటప్పుడు ప్రతినిధుల ఓటు చాలదు, అక్కడ బతికేవాళ్ల ఓటు కావాలి. బడ్జెట్లు, పన్నులు, పథకాలు ఎమ్మెల్యేలు ఎంపీలు చూసుకోవచ్చు. నచ్చకపోతే ఐదేళ్లకు మార్చుకుంటాం. సరిహద్దు ఐదేళ్లకు మారేది కాదు. మీరేమంటారు?

కృష్ణలంక:

పాకాల అన్నా, మీ వైపు నుంచి ఒకరు ఈ మాట అన్నందుకు ధన్యవాదాలు. ఆ రోజు టీవీ తెర ఖాళీ అయినప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. రాష్ట్రం విడిపోవడం ఒక బాధ, మాకు విలువ లేకుండా విడిపోవడం అంతకంటే పెద్ద బాధ.

మా ఎంపీలు అడ్డుకోవాలని చూస్తే ఆరుగురిని సొంత పార్టీయే బహిష్కరించింది. మన ప్రతినిధి వ్యవస్థ అసలు స్వరూపం అదే. నేను ఓటేసి పంపినవాడు నా మాట వినాలా, పార్టీ మాట వినాలా? 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్, అంటే ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం, ధిక్కరిస్తే పదవే పోతుంది. ఆ చట్టం తెచ్చిన కారణం మంచిదే, పార్టీ మార్పిళ్లు ఆపాలని. కానీ ఫలితం ఏమైంది? సభలో చేయి ఎత్తేది ఎంపీ, ఎత్తించేది హైకమాండ్.

కాబట్టి ఓటు పెట్టాల్సిందే. కానీ రాష్ట్రం మొత్తానికీ ఒకే ఓటు ఉండాలి. ఉమ్మడి ఆస్తిని పంచాలంటే అన్నదమ్ములందరి సంతకం కావాలి కదా.

సింగరేణి బ్లాకు:

కృష్ణలంక గారూ, మీ బాధ అర్థమవుతుంది. కానీ మీరు అడిగే ఓటులో మేం పుట్టకముందే ఓడిపోయాం.

294 అసెంబ్లీ సీట్లలో మావి 119, మీవి 175. లోక్‌సభలో 17, 25. మొత్తం రాష్ట్రానికి ఒకే పెట్టె పెడితే తెలంగాణలో నూటికి తొంభై మంది కావాలన్నా లెక్క తేలేది కాదు. దాన్ని ప్రజాస్వామ్యం అంటారా? ఎక్కువమంది ఉన్న చోటు తక్కువమంది ఉన్న చోటును ఎప్పటికీ వదలకపోవడం అంటారు.

మమ్మల్ని కలిపినప్పుడు ఎవరు అడిగారు? రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో స్పష్టంగా రాసింది. తెలంగాణను విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది సరేనంటే అప్పుడు కలపండి అని. ఆగారా? 1956 నవంబర్ 1న కలిపేశారు. పెద్దమనుషుల ఒప్పందం అన్నారు. పెద్దమనుషులు సంతకాలు పెట్టారు, చిన్నమనుషుల్ని అడగలేదు. 1969లో ఎంతమంది పిల్లలు తూటాలకు బలయ్యారో మా ఊళ్లలో ఇంకా చెప్పుకుంటారు.

రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుకిచ్చే 3వ అధికరణం రాజ్యాంగంలో ఉంది కాబట్టే తెలంగాణ వచ్చింది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ దానికి కట్టుబడాల్సిన పని లేదు. అందులో న్యాయం ఉంది. పెద్ద ప్రాంతం చేతిలో తాళం పెడితే చిన్న ప్రాంతం ఎన్నటికీ బయటికి రాలేదు. మాకు రెఫరెండం లేదు, అందుకే రాజీనామాలు చేసి ఉపఎన్నికలు తెచ్చుకున్నాం. 2010 జూలైలో 12 సీట్లకు ఉపఎన్నికలైతే 11 టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలిచాయి. పన్నెండుకి పన్నెండూ తెలంగాణ కావాలన్నవాళ్లే. ఇంతకంటే ఏం ఓటు కావాలి?

పాకాల చెరువు:

సింగరేణి అన్నా, 'ఎవరిని అడగాలి' అన్న చోటే ఈ సమస్య అంతా ఉంది, ఒప్పుకుంటాను. జురా వాళ్లు దానికి కనిపెట్టిన దారి చూడండి. మొదటి ఓటు విడిపోదామన్న ప్రాంతంలోనే పెట్టారు. బెర్న్ కాంటన్ మొత్తాన్నీ 'జురా వెళ్లిపోవచ్చా' అని అడిగి ఉంటే మీరన్నట్టే మొదట్లోనే ఆగిపోయేది. బెర్న్ ఓటర్లను 1970లో అడిగింది వేరే ప్రశ్న: ఈ పద్ధతికి ఒప్పుకుంటారా? దేశాన్ని అడిగింది ఆఖర్న. ఈ వరుసలో పెద్ద ప్రాంతానికీ మాట ఉంది, కానీ చిన్న ప్రాంతం గొంతు నొక్కే అధికారం లేదు.

ఉపఎన్నికల సంగతి. 2010 ఫలితం నాకూ గర్వమే. కానీ 2008 మేలో కూడా ఇలాగే రాజీనామాలు చేసి వెళ్తే 16 అసెంబ్లీ సీట్లలో టీఆర్ఎస్‌కు వచ్చినవి 7. అంటే తెలంగాణ జనం రెండేళ్లు రాష్ట్రం వద్దనుకుని, మళ్లీ కావాలనుకున్నారా? కాదు. ఉపఎన్నికలో అభ్యర్థి, డబ్బు, కులం, ముఖ్యమంత్రి మీద ఇష్టం అన్నీ కలిసిపోతాయి. ఒకే ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ ఒక్క ప్రశ్నే అడగాలి.

కాజీపేట ప్లీడరు:

చదువుతూ వచ్చాను. ఇద్దరు ముగ్గురు స్విట్జర్లాండ్‌ని ఆదర్శంగా తీసుకుంటున్నారు కాబట్టి దాని రెండో ముఖం కూడా చూద్దాం.

1959 ఫిబ్రవరిలో అక్కడ ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా అని రెఫరెండం పెట్టారు. ఓటేసింది మగవాళ్లు. దాదాపు మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. 1971 దాకా అక్కడి స్త్రీకి దేశ ఎన్నికల్లో ఓటు లేదు. అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో మగవాళ్లు బహిరంగ సభలో చేతులెత్తి 1990లో కూడా వద్దన్నారు. అదే ఏడాది సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటే గానీ అక్కడి ఆడవాళ్లకు తమ కాంటన్‌లో ఓటు రాలేదు. 2009 నవంబర్‌లో మసీదులకు కొత్త మినార్లు కట్టకూడదని 57.5 శాతం ఓటేసి రాజ్యాంగంలో రాసుకున్నారు. అప్పటికి దేశం మొత్తం మీద ఉన్న మినార్లు నాలుగు!

మన రాజ్యాంగ సభను జనం నేరుగా ఎన్నుకోలేదు. అందులో ఎక్కువమందిని అప్పటి రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకున్నారు. ఆ సభే ఆడ మగ తేడా లేకుండా, ఆస్తి చదువు చూడకుండా అందరికీ ఓటు రాసింది. 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసింది. 1949లో ఆ అధికరణం మీద ఊరూరా ఓటు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించుకోండి. మా తాత ఏ వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచాడో నాకు తెలుసు. ఆ వీధి ఓటుకు నా హక్కును వదిలిపెట్టను. అంబేద్కర్ గ్రామాన్ని నమ్మలేదంటే ఊరికే నమ్మలేదా?

రెండోది. రెఫరెండంలో అవును, కాదు అని రెండే మాటలు. బ్రిటన్‌లో 2016 జూన్ 23న 51.9 శాతం మంది ఐరోపా యూనియన్ నుంచి వెళ్లిపోదామన్నారు. ఎలా వెళ్లాలి, వెళ్లాక ఐర్లాండ్ సరిహద్దు సంగతేమిటి అన్నది బ్యాలెట్ మీద లేదు. అది తేల్చలేక మూడున్నరేళ్లు పార్లమెంటు నలిగిపోయింది. ఫలితం రాగానే ఒక ప్రధాని, ఇది తేలక ఇంకొకరు దిగిపోయారు. మన పునర్వ్యవస్థీకరణ చట్టంలో 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు ఉన్నాయి. పదేళ్ల ఉమ్మడి రాజధాని, నీళ్ల బోర్డులు, ఉద్యోగుల పంపకం, అప్పుల పంపకం. ఇవన్నీ బేరమాడి, ఒకచోట తగ్గి ఒకచోట నెగ్గి రాసుకునేవి. బేరం ఆడాలంటే కూర్చుని మాట్లాడే మనుషులు కావాలి. కోటిమంది ఓటర్లు బేరం ఆడలేరు.

తలుపులు మూసి పాస్ చేయడం తప్పే. దానికి మందు సభను సరిగ్గా నడపడం. తలలు లెక్కపెట్టి ఓటింగ్ పెట్టమని అడుగుదాం, విప్‌ను ప్రభుత్వం నిలబడే ఓట్లకే పరిమితం చేయమని అడుగుదాం. సభ చెడిందని సభనే పక్కన పెడితే ఎలా?

ఫ్రీమాంట్:

కాలిఫోర్నియా నుంచి. ఇక్కడ 1911 నుంచి జనం సంతకాలు పోగేసి సొంతంగా చట్టం ప్రతిపాదించవచ్చు. రైల్వే కంపెనీ చెప్పుచేతల్లో ఉన్న శాసనసభ మీద కోపంతో తెచ్చుకున్న హక్కు అది. వందేళ్లు దాటాక ఆ హక్కు ఎవరి చేతిలో ఉందో చూడండి. 2020లో ఉబర్, లిఫ్ట్, డోర్‌డాష్ లాంటి కంపెనీలు ప్రపోజిషన్ 22 అనే ప్రతిపాదనను జనం ఓటుకు పెట్టాయి. తమ డ్రైవర్లను ఉద్యోగులుగా చూడమన్న చట్టం నుంచి తప్పించుకోవడానికి. ప్రచారానికి 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి. గెలిచాయి.

ప్రపోజిషన్ 13 ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలిసిందే. 1978లో ఇంటి పన్నుకు కట్టు వేస్తూ జనం ఓటేశారు. కొన్న ధర మీద ఒక శాతం, ఏటా పెంపు రెండు శాతం మించకూడదు. ముసలివాళ్లు పన్ను కట్టలేక ఇళ్లు అమ్ముకోకూడదన్న ఉద్దేశం మంచిదే. ఈరోజు పక్కపక్కన ఒకేలాంటి రెండు ఇళ్లుంటే, ఎప్పుడో కొన్నాయన కట్టేదానికి కొత్తగా కొన్నవాళ్లు ఎన్నో రెట్లు కడతారు. బడికి, రోడ్డుకి ఇద్దరూ సమానమే. శాసనసభ దీన్ని సొంతంగా మార్చలేదు, మళ్లీ జనం ఓటే కావాలి. ముట్టుకోవడానికి ఏ పార్టీకీ ధైర్యం లేదు.

మీ విషయానికి దగ్గరగా ఇంకొకటి. 2018లో కాలిఫోర్నియాను మూడు రాష్ట్రాలుగా చేయాలని ఒక పెట్టుబడిదారు డబ్బు పెట్టి సంతకాలు చేయించి బ్యాలెట్ దాకా తెచ్చాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ జూలైలో దాన్ని బ్యాలెట్ నుంచి తీసేయించింది. డబ్బున్న ఒక్క మనిషికి తోస్తే రాష్ట్రాన్ని ముక్కలు చేసే ప్రశ్న జనం ముందుకు వచ్చేస్తుంది. ప్రశ్న అడిగే హక్కు ఎవరికి ఇస్తున్నారో ముందు చూసుకోండి.

శబరి ఒడ్డు:

మాది కూనవరం వైపు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఇక్కడ మీరంతా తెలంగాణ వాళ్లు, ఆంధ్రా వాళ్లు అని మాట్లాడుకుంటున్నారు. మేం ఎవరం?

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. దానికి కొద్దిరోజుల ముందు, మే ఆఖర్లో, ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రాకి. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, భద్రాచలంలో పట్టణం తప్ప మిగతాది, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు. రాముడి గుడి తెలంగాణలో ఉంది, గుడి పక్క ఊళ్లు ఆంధ్రాలో ఉన్నాయి. జిల్లా కేంద్రం ఖమ్మం అనుకున్నవాళ్లం కాకినాడ వెళ్లాం. తర్వాత 2022లో పాడేరు కేంద్రంగా పెట్టిన జిల్లాలో వేశారు, 2025 ఆఖరు దాకా అందులోనే ఉన్నాం. మ్యాపు చూడండి, పాడేరు మాకెంత దూరమో.

అంతకుముందు మాత్రం అడిగారా? భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది. అప్పుడు ఖమ్మంలో కలిపారు. మా ముసలివాళ్లు ఉన్న గడప దాటకుండా తూర్పు గోదావరికీ ఖమ్మానికీ మధ్య రెండుసార్లు మారారు.

ప్లీడరు గారు చెప్పినట్టు బేరం ఆడటానికి ప్రతినిధులు ఉండాలంటే, ఆ బేరంలో మా తరఫున ఎవరున్నారు? ఒక రాష్ట్రానికి ప్రాజెక్టు కావాలి, ఇంకో రాష్ట్రానికి రాష్ట్రం కావాలి. మా ఊళ్లు ఆ రెంటి మధ్య చెల్లింపు. మా ఓట్లు కొన్ని వేలు. ఏ ఎంపీ గెలుపూ మా మీద ఆధారపడి లేదు.

పాకాల గారు చెప్పిన ఓటు పెట్టినా ఏం అడుగుతారు? 'తెలంగాణా, ఆంధ్రానా' అనే కదా. మా కోయ ఊళ్లలో అడగండి. ఊరు మునుగుతుందా, మునిగితే ఎక్కడికి పంపుతారు, అక్కడ అడవి ఉంటుందా, భూమికి భూమి ఇస్తారా అని వాళ్లే మిమ్మల్ని అడుగుతారు. అది మీ బ్యాలెట్ మీద ఉండదు.

ఆ ప్రశ్న ఒక చోట అడిగారు. ఒడిశాలో నియమగిరి. బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వర్షాకాలంలో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు. ఆ కొండల్లో ఉండే డోంగ్రియా కోందు గిరిజనులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. గని రాలేదు. రెఫరెండం మన దేశంలో కుదరదు అనేవాళ్లు ఇది చూడలేదా? చదువు రాని జనానికి ఏం తెలుసు అనేవాళ్లు ఆ సభలు చూడలేదా?

మాకూ 1996 నుంచి పీసా, అంటే గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం ఉంది. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలి అని రాసి ఉంది. సంప్రదించాలి అంతే, ఒప్పించాలి అని లేదు. ఆ సంప్రదింపు ఎలా జరుగుతుందో కూడా చెబుతాను. మా పక్క ఊళ్లో సభ జరగనే లేదు. తీర్మానం ముందే రాసుకుని వచ్చి ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు తీసుకున్నారు. రేషన్ కోసం అనుకుని వేసినవాళ్లున్నారు.

కాజీపేట ప్లీడరు:

శబరి ఒడ్డు గారూ, మీరు చెప్పింది రాత్రంతా ఆలోచించాను. నియమగిరిలో ఓటు నిలబడటానికి కారణం అటవీ హక్కుల చట్టం. ఆ చట్టం చేసింది 2006లో పార్లమెంటు. దాన్ని అమలు చేయించింది సుప్రీంకోర్టు. ప్రతినిధులు చట్టం రాసి, కోర్టు కాపలా ఉండి, ఆ చట్రంలో ఊరు నిర్ణయించింది. ఇలాంటి ఓటుకు నేను వ్యతిరేకం కాదు. ఎందుకంటే అక్కడ ఓటేసినవాళ్లు ఇంకొకరి హక్కు మీద ఓటేయలేదు, తమ కొండ మీద ఓటేశారు. 1959లో స్విస్ మగవాళ్లు చేసింది దీనికి పూర్తిగా వేరు.

నా గీత అక్కడ ఉంది. నా ఇంటి మీద నన్ను అడగండి. నా పక్కింటివాడు గుడికి రావచ్చా, అతని బిడ్డ ఎవరిని పెళ్లి చేసుకోవచ్చు అన్నది నన్నూ అడగొద్దు, నా ఊరినీ అడగొద్దు.

కృష్ణలంక:

ఈ గీత నాకూ నచ్చింది. కానీ ఒక భయం ఉంది. ఓటు పెట్టే రోజు ప్రభుత్వమే ఒక పక్కన నిలబడితే? పథకాలు ఆపేస్తామని బెదిరిస్తే? మన దగ్గర అది జరగదని ఎవరైనా గుండె మీద చేయి వేసుకుని చెప్పగలరా?

పాకాల చెరువు:

అక్కడా జరిగింది కృష్ణలంక గారూ. జురా గొడవలోనే లౌఫెన్ అని ఒక జిల్లా ఉంది. జర్మన్ మాట్లాడే జిల్లా. జురా విడిపోయాక బెర్న్‌లో ఉండాలా, పక్కనున్న బాసెల్ గ్రామీణ కాంటన్‌లో చేరాలా అని 1983లో ఓటు పెట్టారు. బెర్న్‌లోనే ఉంటామన్నారు. తర్వాత బయటపడింది ఏమిటంటే, బెర్న్ ప్రభుత్వం రహస్యంగా తన పక్షం ప్రచారానికి డబ్బిచ్చింది. సుప్రీంకోర్టు ఆ ఓటును కొట్టేసింది. 1989లో మళ్లీ పెడితే ఫలితం తారుమారైంది. 1994లో లౌఫెన్ బాసెల్ గ్రామీణ కాంటన్‌లో కలిసింది.

మూటియేలోనూ అంతే. 2017 జూన్‌లో 137 ఓట్ల తేడాతో జురాకి వెళ్దామన్నారు. మేయర్ ప్రచారం హద్దు మీరిందనీ, ఓటర్ల జాబితాలో అక్కడ నిజంగా ఉండనివాళ్లు ఉన్నారనీ ఫిర్యాదులొచ్చాయి. రద్దయింది. 2021 మార్చిలో కట్టుదిట్టంగా, ఫెడరల్ పరిశీలకులను పెట్టి మళ్లీ ఓటు పెడితే 54.9 శాతం వెళ్దామన్నారు. బదిలీ ఎలా జరగాలో రెండు కాంటన్ల ప్రభుత్వాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. 2024 సెప్టెంబర్‌లో రెండు కాంటన్ల ఓటర్లూ దాన్ని ఆమోదించారు. ప్లీడరు గారు అడిగిన 108 సెక్షన్ల బేరం ప్రతినిధులే చేశారు. 'వెళ్లాలా' అన్నది ఊరు తేల్చింది, 'ఎలా' అన్నది ప్రతినిధులు రాశారు, రాసినదాన్ని జనం మళ్లీ చూసి సరేనన్నారు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోనక్కర్లేదు.

ఫ్రీమాంట్ గారి హెచ్చరిక కూడా తీసుకుంటున్నాను. ప్రశ్న అడిగే హక్కు డబ్బున్నవాడికి ఉండకూడదు. మన దగ్గరైతే సరిహద్దు మారుస్తూ పార్లమెంటు చట్టం చేసినప్పుడు, ఆ ఓటు దానంతట అదే జరగాలి. ఎవరూ సంతకాలు పోగేయక్కర్లేదు. చేతులు మారే ప్రతి మండలాన్నీ విడిగా అడగాలి. కావాలన్న మండలం వెళ్తుంది, వద్దన్నది ఉంటుంది. 3వ అధికరణంలో 'శాసనసభ అభిప్రాయం' పక్కన 'ఆ ప్రాంత ఓటర్ల సమ్మతి' అని చేరిస్తే చాలు.

సింగరేణి బ్లాకు:

మండలాల వారీగా అంటే హైదరాబాద్ సంగతేంటి? 2014లో అక్కడ విడిగా అడగాలన్నది మమ్మల్ని ఆపడానికి వేసిన ఎత్తు. రాజధాని లేని రాష్ట్రం ఇస్తామంటే మేం తీసుకునేవాళ్లమా? ఈ పద్ధతి కాగితం మీద బాగుంటుంది. నాలుగు కోట్ల మంది భవిష్యత్తు ఒక నగరం ఓటు మీద వేలాడేది. 1975లో దక్షిణ జురాను వదులుకుని ఉత్తరం బయటికి వచ్చింది. మేం అలా ముక్కలై రావాలా? నేను ఒప్పుకోను. 2014లో జరిగిన పద్ధతి బాగాలేదు, ఫలితం న్యాయమైనది. రెండూ నిజమే.

కానీ శబరి ఒడ్డు అన్న చెప్పిన ఏడు మండలాల విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. మేం అరవై ఏళ్లు 'మమ్మల్ని అడగలేదు' అన్నాం. ఆ మాట మీరు మాతో అంటుంటే వినాల్సిందే.

శబరి ఒడ్డు:

సింగరేణి అన్నా, ఆ మాట చాలు.

పాకాల గారూ, మీ పద్ధతికి నేను సరే అంటాను, కానీ కొన్ని షరతులున్నాయి. ప్రశ్న కోయలో కూడా ఉండాలి, చదివి వినిపించాలి. పెట్టె మండల కేంద్రంలో కాదు, ఊళ్లో పెట్టాలి. వరద నెలల్లో పెట్టకూడదు. 2022 జూలైలో గోదావరి వచ్చినప్పుడు మా రోడ్లే లేవు.

అన్నిటికంటే ముఖ్యం జాబితా. ఇప్పటికే చాలా ఊళ్లను ఖాళీ చేయించి పునరావాస కాలనీలకు పంపారు. వాళ్ల ఓటు ఇప్పుడు కాలనీ ఉన్న చోట ఉంది. కొందరు కూలికని భద్రాచలం వైపు, ఇంకా దూరం వెళ్లిపోయారు. రేపు మా మండలంలో ఓటు పెడితే, ఊరు పోగొట్టుకున్నవాళ్లే జాబితాలో ఉండరు. మూటియేలో లేనివాళ్ల పేర్లున్నాయని ఓటు కొట్టేశారు. మా దగ్గర ఉండాల్సినవాళ్ల పేర్లు లేవని ఎవరు కొట్టేస్తారు?

2014 మే నాటికి ఆ ఊళ్లలో ఇల్లున్న ప్రతి మనిషికీ, ఇప్పుడెక్కడున్నా సరే, ఆ ఊరి పెట్టెలోనే ఓటు ఉండాలి. మీరు చెప్పిన సవరణలో ఆ తేదీ కూడా రాయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.